సోమయాజిగారి పీట, ఏటి అవతలి బురుజు

పిల్లలూ, ఈ కథ మీరు వినలేదు. మీరు పెరుగుతున్న చోట దీన్ని చెప్పేవాళ్ళు లేరు. అందుకని నాకు చేతనైనంత జాగ్రత్తగా నేనే చెబుతాను. ఇందులో రాజు కల్పన, రాజ్యం కల్పన. లెక్క మాత్రం కల్పన కాదు. అనుమానం వస్తే కాగితం తీసుకుని సరిచూసుకోండి, నేనేమీ అనుకోను.

ఒకానొక రాజ్యం ఉండేది, దాని పేరు శిఖరవాడ. పేరులో శిఖరం ఉంది గానీ, ఈ పొలిమేర నుంచి ఆ పొలిమేర దాకా వెతికినా మోకాలెత్తు దిబ్బ కనిపించేది కాదు. అంతా చదునే. దాన్ని ఏలే రాజు పేరు ఉత్తుంగరాయలు. ఆయనకీ ఆయన పేరుకీ కూడా అంతే సంబంధం. మనిషి బాగా పొట్టి.

పొట్టిగా ఉండటం తప్పేమీ కాదు. కానీ ఆయనకు ఎత్తంటే పిచ్చి. సింహాసనానికి పదకొండు మెట్లు కట్టించాడు. తలపాగా మీద కలికితురాయి, దాని మీద నెమలి పింఛం పెట్టించాడు. ఆయన పక్కన నిలబడవలసి వస్తే పొడుగు మంత్రులు తలలు వంచుకుని, భక్తి నటించేవారు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉండేది. కొత్త రాజుకు పట్టాభిషేకం జరిగిన నాడు, ఆయన మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా కొలిచి, అంత పొడుగున ఒక వెండి కడ్డీ పోత పోసేవారు. ఆయన ఏలినంత కాలం రాజ్యమంతటికీ అదే మూర. బట్టకైనా, పొలానికైనా, గోడకైనా అదే కొలత. పాత రాజు కడ్డీని ఆ రోజే కరిగించేసేవారు. ఉత్తుంగరాయలు తన తాత భీమరాయల తర్వాత నేరుగా గద్దె ఎక్కాడు. అప్పటి నుంచి ఆయన చెయ్యే మూర.

రాజ్యానికి పొలిమేర మొగిలేరు. ఏరు పెద్ద వెడల్పు కాదు, కానీ వడి ఎక్కువ. దానికి అవతల కుంతలవీడు రాజ్యం. అక్కడ ఏటి ఒడ్డునే ఒక పాత రాతి బురుజు ఉండేది. పొద్దున లేస్తే ఉత్తుంగరాయల కళ్ళకు అదే కనిపించేది. ఆయనకు అన్నం సహించేది కాదు.

ఒకనాడు ఆయన ఆస్థాన గణిత పండితుడు కేదార సోమయాజిని పిలిచాడు.

"సోమయాజీ, ఆ బురుజు ఎత్తెంత?"

సోమయాజి ఇంటికి వెళ్ళి తాటాకు కట్టలు తిరగేసి వచ్చాడు. "నూటపది మూరలు మహారాజా. మా తాతగారు స్వయంగా కొలిచి రాసి ఉంచారు."

"అయితే మనం నూట ఇరవై మూరలు కట్టిస్తాం!"

రాజు శిల్పి మల్లోజును పిలిపించి పని అప్పగించాడు. మల్లోజు తన కొడుకులతో, కోడళ్ళతో, ముప్పైమంది పనివాళ్ళతో ఆరేళ్ళు రాళ్ళు మలిచి, ఏటికి ఇవతల బురుజు నిలబెట్టాడు.

ఆషాఢంలో ఒక మబ్బు రోజున బురుజు మీద జెండా ఎగరేశారు. ఏటి ఒడ్డున డేరాలు వేశారు. కుంతలవీడు నుంచి రాయబారి పడవలో వచ్చాడు. విందు తిన్నాడు, తాంబూలం వేసుకున్నాడు, మన బురుజు కేసి చూశాడు, తమ బురుజు కేసి చూశాడు.

"చాలా బాగుంది మహారాజా. మా బురుజుకు చక్కని తమ్ముడు దొరికాడు."

డేరాలో అందరూ నమలటం ఆపారు. రాజు లేచి చూశాడు. నిజమే. కళ్ళున్న ఎవడికైనా తెలుస్తోంది, అవతలిదే ఎత్తుగా ఉంది.

"సోమయాజీ! ఏమిటిది? నూటపది ఎక్కడ, నూట ఇరవై ఎక్కడ?"

పండితుడు గనక సోమయాజి మాట తడుముకోలేదు. "మా తాతగారి లెక్క తప్పదు మహారాజా. ఇందులో ఎక్కడో శిల్పి చేతివాటం ఉంది. నూట ఇరవై అని చెప్పి ఏ నూరో కట్టి ఊరుకున్నాడు."

"ఏమయ్యా మల్లోజూ?"

మల్లోజు ముందుకు వచ్చాడు. అతని గోళ్ళ సందుల్లో ఇంకా రాతిపొడి ఉంది. "ఏలినవారి వెండి కడ్డీతో కొలిచి కట్టాను ప్రభూ. ఒక్క అంగుళం తగ్గలేదు. నమ్మకపోతే పైనుంచి తాడు వదిలి కొలిపించండి."

"జెండా ఎగిరాక నలభై రోజుల దాకా ఆ బురుజు ఎవరూ ఎక్కకూడదు" అన్నాడు సోమయాజి వెంటనే. "శాస్త్రం."

రాజు ముఖం ఎర్రబడింది. "నలభై రోజులు ఆగితే ఈ రాయబారి ఊరంతా చాటింపు వేస్తాడు. మల్లోజూ! ఈ మధ్యాహ్నం ఆయన పడవ కదిలే లోపల నువ్వు దొంగవు కాదని తేలాలి. తేలలేదా, నీ ఇంటిల్లిపాదీ ఈ రాజ్యం విడిచి పోవాలి. మీ ఉలులు ఏట్లో వేయిస్తాను. మీ వంశంలో ఎవడూ మళ్ళీ రాయి ముట్టకూడదు."

డేరా వెనక అతని పెద్దకోడలు చంకలో బిడ్డను గట్టిగా పట్టుకుని నిలబడిపోయింది.

అప్పుడు రాజు వెనక నుంచి ఎవరో నెమ్మదిగా దగ్గారు.

గొడుగు మాచన. రాజుకు గొడుగు పట్టడం అతని కొలువు. ఎండ ఉన్నా లేకపోయినా పడుతూనే ఉండాలి. రాజు చెవికి అంత దగ్గరగా రోజంతా నిలబడేవాడు రాజ్యంలో ఇంకొకడు లేడు. అందుకని అతనికి కాస్త చనువెక్కువ.

"మహారాజా, ఎక్కకుండా కొలిస్తే శాస్త్రానికి అభ్యంతరం ఉండదు కదా?"

"ఎక్కకుండా ఎట్లా కొలుస్తావురా?"

"కింద నిలబడి, ప్రభూ."

సోమయాజి నవ్వాడు. "నీడను బట్టి కొలుస్తానంటావు, అంతేనా? ఆ సంగతి నాకూ తెలుసు. మబ్బు చూశావా? ఎండ లేదు, నీడ లేదు. గొడుగు మోసేవాడివి, ఈ రోజు నీకే పని లేదు."

"పని లేదు గనకే అడుగుతున్నాను సోమయాజులుగారూ. మీరు కూర్చున్న పీట కాసేపు ఇప్పిస్తారా?"

"నా పీటా!"

అది రాజు బహూకరించిన పీట. చందనపు చెక్క, నాలుగు పక్కలా సమానమైన చతురస్రం. సోమయాజి దాని మీద తప్ప కూర్చోడు.

రాజుకు కోపంలోనూ కుతూహలం కలిగింది. "ఇవ్వవయ్యా. ఒరే మాచనా, వేళాకోళమైతే మాత్రం మల్లోజుతో పాటు నువ్వూ పొలిమేర దాటుతావు."

"చిత్తం."

సోమయాజి లేచి నిలబడ్డాడు. మాచన గొడుగును ఇంకొకరికి అప్పగించి పీట అందుకున్నాడు. మల్లోజు దగ్గర రాతిపని వాళ్ళు గోడ నిలువు చూసుకునే గుండు ఉంటుంది కదా, దారానికి కట్టింది, అది అడిగి తీసుకున్నాడు. పీటను నిలువుగా పట్టి, దాని అంచు వెంట దారం వేలాడదీయించాడు.

"మల్లోజుగారూ, మీరు దారం చూస్తూ ఉండండి. అంచును అంటిపెట్టుకుని దిగుతుంటే పీట సరిగ్గా నిలబడ్డట్టు. నేను ఈ కింది మూల నుంచి ఎదుటి పై మూల మీదుగా చూస్తాను."

"చూస్తే ఏమవుతుంది?" అన్నాడు రాజు.

"పీట పొడుగెంతో ఎత్తంతే కదా ప్రభూ. మూల నుంచి మూలకు పోయే నా చూపు, ఎన్ని మూరలు ముందుకు పోతే అన్ని మూరలు పైకి లేస్తుంది. ఆ చూపు దేని కొసకు తగిలితే, దానికీ నాకూ మధ్య దూరమే దాని ఎత్తు. దూరం నేలమీద ఉంటుంది. నేలను కొలవడానికి ఎవడూ ఎక్కక్కర్లేదు."

"ఇదంతా నీకెవరు చెప్పారు?"

"తమ గొడుగే చెప్పింది. పదహారేళ్ళుగా సూర్యుడు ఎంత వాలితే గొడుగు ఎంత వంచాలో చూస్తూ నిలబడ్డాను. వాలు చూడటం తప్ప నాకు వేరే చదువు లేదు."

రాజు కొంచెం ఆలోచించాడు. "ముందు ఈ డేరా నడిమి స్తంభం కొలువు. దాని ఎత్తు నేనే చెప్పి చేయించాను. ఎంతో నీకు తెలియదు."

మాచన డేరా బయటికి పోయి, పీట పట్టుకుని చూస్తూ వెనక్కి వెనక్కి నడిచాడు. ఒకచోట ఆగి, కాలితో గీత గీశాడు. స్తంభం నిలబడ్డ చోటి నుంచి గీత దాకా రాజముద్ర ఉన్న కొలతాడు పరిచారు.

"ఇరవై ఆరు మూరలు!" అని అరిచాడు కొలిచినవాడు.

రాజు ముఖం వాడిపోయింది. "స్తంభం ముప్పై మూరలు."

"చూశారా, చూశారా!" అన్నాడు సోమయాజి. "ఏకంగా నాలుగు మూరలు తేడా!"

"తొందరపడకండి సోమయాజులుగారూ" అన్నాడు మాచన. "నా కళ్ళు పాదాల్లో లేవు కదండీ. చూపు బయలుదేరింది కంటి దగ్గర. నేల నుంచి నా కంటి దాకా ఉన్న ఎత్తు కలుపుకోవద్దూ?"

కొలిచారు. సరిగ్గా నాలుగు మూరలు. ఇరవై ఆరూ నాలుగూ ముప్పై.

రాజు తొడ మీద చరిచాడు. "పద బురుజు దగ్గరికి!"

చదును నేల గనక మాచనకు సులువైంది. జెండా సంగతి వదిలేసి, పిట్టగోడ పై అంచుకు చూపు తగిలే చోట నిలబడ్డాడు. గోడ మొదలు నుంచి అతని పాదాల దాకా నూట పదహారు మూరలు. కంటి ఎత్తు నాలుగు.

ఈసారి లెక్క ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. పెద్దకోడలు బిడ్డను చంక మార్చుకుని, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"నూట ఇరవై" అన్నాడు రాజు. "మల్లోజూ, నువ్వు మోసం చేయలేదు."

"చిత్తం ప్రభూ" అన్నాడు మల్లోజు.

"అయితే అవతలిది ఎందుకు ఎత్తుగా ఉంది?" రాజు సోమయాజి వైపు తిరిగాడు. "నూటపది కదా అది?"

"నూటపదే మహారాజా! కంటి భ్రమ. నీళ్ళ మీద నుంచి చూస్తే వస్తువులు అలా పెద్దవిగా…"

"దాన్నీ కొలుద్దాం" అన్నాడు మాచన.

"ఏరు ఎట్లా దాటుతావు? దాని మొదలు అవతలి రాజ్యంలో ఉంది. అక్కడికి మన కొలతాడు పోదు."

"పోనక్కర్లేదు. రెండు ఒడ్లూ ఒకే మట్టం. ముందు ఇందాకటి లాగే మూల నుంచి మూలకు చూసి ఒక చోటు గుర్తు పెడతాను. అక్కడి నుంచి బురుజుకు ఎంత దూరమో నాకు తెలియదు, తెలియక్కర్లేదు. ఆ దూరమూ, కంటికి పైన ఉన్న ఎత్తూ సమానం, అంతే. తర్వాత పీట ఎదుటి నిలువు అంచుకు సరిగ్గా నడిమిన సున్నంతో బొట్టు పెడతాను. ఆ బొట్టు మీదుగా చూస్తే చూపు రెండు మూరలు ముందుకు పోతేగానీ ఒక మూర లేవదు. కాబట్టి బురుజు కొస ఆ బొట్టుకు తగలాలంటే నేను ఇంకా వెనక్కి పోవాలి."

"ఎంత వెనక్కి?"

"మొదటి చోటు ఎత్తుకు సమానమైన దూరం. రెండో చోటు దానికి రెట్టింపు దూరం. మధ్యలో మిగిలింది?"

రాజు వేళ్ళు మడిచాడు, విప్పాడు. ఆయన ముఖం చిన్నపిల్లవాడి ముఖంలా వెలిగింది. "ఒక ఎత్తు! సరిగ్గా ఒక ఎత్తు! రెండు గుర్తుల మధ్య నేల కొలిస్తే చాలు! అదంతా మన ఒడ్డునే ఉంది!"

"ఒక గొడుగు మోసేవాడి కళ్ళను నమ్ముకుని…" అని సోమయాజి సణిగాడు.

"నా కళ్ళను నమ్ముతావా?" అన్నాడు రాజు. "ఇటివ్వరా ఆ పీట."

అందరూ గతుక్కుమన్నారు. రాజు తలపాగా తీసి మంత్రి చేతిలో పెట్టి, పీట కంటికి ఆనించుకుని, బురదలో వెనక్కి వెనక్కి నడిచాడు. మల్లోజు పక్కనే నడుస్తూ దారం చూశాడు. రాజు ఒకసారి తూలి పడబోతే అతనే పట్టుకున్నాడు. రెండు గుర్తులు పడ్డాయి. మధ్యలో తాడు పరిచారు. నూట ఇరవై ఎనిమిదిన్నర మూరలు.

ఇక రాజుగారి కంటి ఎత్తు కలపాలి. కొలిచేదెవరు? ఒక మంత్రి ఏటిలో చేపలను చూశాడు. ఇంకొకడికి దగ్గు వచ్చింది. మాచన ఒక్కడే కడ్డీ తీసుకుని వచ్చి, రాజు పక్కన నిలిపి, పైకే చెప్పాడు: "మూడున్నర."

"మొత్తం నూట ముప్పైరెండు" అన్నాడు రాజు.

"ఇప్పుడు నేను చూస్తాను ప్రభూ." మాచన చూశాడు. అతని గుర్తులు వేరే చోట్ల పడ్డాయి. మధ్య దూరం నూట ఇరవై ఎనిమిది. కంటి ఎత్తు నాలుగు. అదే నూట ముప్పైరెండు.

రాజు రెండు జతల గుర్తులనూ మార్చి మార్చి చూశాడు. "నువ్వు చూసినా, నేను చూసినా అంతే ఉంది" అన్నాడు నెమ్మదిగా.

"కొలత అంటే అదే కదా ప్రభూ."

సోమయాజి తాటాకు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పాపం, అతనికి నిజంగానే అర్థం కావడం లేదు. "మా తాతగారు అబద్ధం రాయరు" అన్నాడు సన్నగా.

"రాయలేదు" అన్నాడు మాచన. "ఆయనదీ ఒప్పే. కోట వాకిలి దాకా ఒక్కసారి రండి."

కోట వాకిలి అక్కడికి నూరడుగులే. రాయబారితో సహా అందరూ వెనకే నడిచారు. కుడివైపు రాతి మీద, రోజూ వందమంది భుజాలు రాసుకుని పోయే చోట, అడ్డంగా ఒక లోతైన గాడి ఉంది. కింద ‘భీమరాయల మూర’ అని చెక్కి ఉంది. భీమరాయల కాలంలో బట్టల వర్తకులు అక్కడే సరిచూసుకునేవారు. వెండి కడ్డీని కరిగించారు గానీ, రాతిని కరిగించడం ఎవరికీ తోచలేదు.

మాచన ఇప్పటి రాజు కడ్డీని ఆ గాడిలో పెట్టాడు. నాలుగు అంగుళాల ఖాళీ మిగిలింది. ఆ రోజుల్లో అంగుళమంటే ఒక వేలి వెడల్పు, ఇప్పటి మీ స్కేలు మీది అంగుళం కన్నా చిన్నది.

"భీమరాయలవారి మూర ఇరవైనాలుగు అంగుళాలు. ఇది ఇరవై. ఆ మూరలు నూటపది, ఈ మూరలు నూట ముప్పైరెండు. సోమయాజులుగారూ, గుణించి చూడండి."

సోమయాజి పెదవులు కదిలాయి. "రెండువేల ఆరువందల నలభై అంగుళాలు… ఇటు చూసినా అంతే… అటు చూసినా అంతే. అయ్యో! తాటాకులో మూరలని ఉంది గానీ, ఎవరి మూరలో లేదు. నేనూ అడగలేదు." అతను మల్లోజు వైపు తిరిగి చేతులు జోడించాడు. "తప్పు నాది. నిన్ను దొంగను చేశాను."

కానీ ఇప్పుడు ఎవరూ సోమయాజిని చూడటం లేదు. అందరూ గాడిలోని ఆ నాలుగు అంగుళాల ఖాళీని చూస్తున్నారు, చూడనట్టు నటిస్తున్నారు.

రాజు గొంతు సవరించుకున్నాడు. "అంటే… నా చెయ్యి పొట్టిదంటావా మాచనా?"

మల్లోజు కళ్ళు మూసుకున్నాడు.

"నేను అట్లా ఎందుకంటాను ప్రభూ? తమ చేతి మహిమ అంటాను. తమకు పట్టాభిషేకం అయిన రోజున రాజ్యంలో ప్రతి గుడిసే, ప్రతి తాటిచెట్టూ రాత్రికి రాత్రి పెరిగాయి. ఎవరూ నీళ్ళు పోయలేదు. మన బురుజును ఇంకా పెంచాలంటే నా దగ్గర ఒక ఉపాయం ఉంది. ఒక్క రాయి అక్కర్లేదు."

"ఏమిటది?"

"ఊయలలో యువరాజులవారు ఉన్నారు కదా. వారి చెయ్యి ఎనిమిది అంగుళాలు ఉంటుందేమో. రేపటి నుంచి అదే మూర అని చాటించండి. రేపు సాయంత్రానికి మన బురుజు మూడువందల మూరలు అవుతుంది."

రాజు కళ్ళు పెద్దవయ్యాయి. "మూడువందలా! మరి అవతలి బురుజు?"

"అదీ పెరుగుతుంది ప్రభూ. మూడువందల ముప్పై. ఆ ఒక్కటే ఇబ్బంది."

రాజుకు లెక్క అర్థమైంది. మీసాలు వణికాయి. ఆ తర్వాత కోట వాకిలి మారుమోగేలా నవ్వాడు. నవ్వి నవ్వి రాతికి ఆనుకుని, ఆ గాడి మీదే తల పెట్టి నవ్వాడు. అది చూసి మంత్రులు నవ్వారు, పెద్దకోడలు నవ్వింది, సోమయాజి కూడా నవ్వాడు.

"రాయబారీ!" అన్నాడు రాజు కళ్ళు తుడుచుకుంటూ. "మీ బురుజే ఎత్తు. ఏరు దాటకుండానే కొలిచాం. మీ రాజుగారితో చెప్పండి."

రాయబారి తల గోక్కున్నాడు. "ఎంత ఎత్తో కూడా చెప్పండి మహారాజా. మేమెప్పుడూ కొలవలేదు."

ఆ రోజే రాజు ఆజ్ఞ వేశాడు. ఇక ముందు ఎవరు గద్దె ఎక్కినా మూర మారదు. కోట వాకిట్లో రాతి మీద ఉన్నదే మూర.

"అయితే ప్రభూ, మన బురుజు నూరు మూరలే అవుతుంది" అన్నాడు సోమయాజి జంకుతూ. అతను ఈసారి రెండుసార్లు గుణించి చూసుకున్నాడు.

"కానీ" అన్నాడు మాచన, "ఈ నూరు, ఎవరు రాజైనా నూరే."

రాజు బురుజు కేసి చూశాడు. "బాగా కట్టావయ్యా మల్లోజూ" అన్నాడు. మల్లోజు భుజాన తన పట్టుశాలువా కప్పి, కొత్త వంతెన పని అప్పగించాడు. తర్వాత తన చేతి బంగారు కంకణం తీసి మాచనకు తొడగబోయాడు. అది మాచన ముంజేతికి ఎక్కలేదు.

రాజే ముందు నవ్వాడు. "కంసాలిని పిలవండి. ఇంకొకటి చేయించండి. కొలత మాత్రం వాడి చేతిదే తీసుకోండి, నాది కాదు!"

ఇదీ పిల్లలూ కథ. పీట లేకపోతే అట్టముక్క చాలు, నాలుగు పక్కలా సమానంగా కత్తిరించుకోండి. మీ బడి భవనాన్నో, మీ వీధి చివరి స్తంభాన్నో కొలిచి చూడండి. వెనక్కి నడిచేటప్పుడు వెనక ఎవరైనా తోడు ఉండాలి, రోడ్డు మీద మాత్రం వద్దు. కంటి ఎత్తు కలపడం మరిచిపోకండి. లెక్క కుదిరాక, మీ పక్కన కూర్చునే స్నేహితుడికో స్నేహితురాలికో ఈ కథ చెప్పండి. వాళ్ళది ఏ భాష అయినా పరవాలేదు, ఆ భాషలోనే చెప్పండి. ఇంట్లో మీ తర్వాత పుట్టినవాళ్ళకు మాత్రం తెలుగులో చెప్పండి.